‘అనంత’ ఎర్రనేల లోతెంత?
వాన లెక్క అందరికీ ఒకటే.. నిలుపుకొనే శక్తి పొలానికో తీరు

అనంతపురం: గట్టుకు అవతలి పొలంలో వేరుశనగ వారం రోజుల బెట్టకే ఆకు ముడుచుకుంటుంది. ఇవతలి పొలంలో అదే పైరు మరో పది రోజులు పచ్చగా నిలుస్తుంది. విత్తనం ఒకటే, విత్తిన పదునూ ఒకటే, కురిసిన వానా ఒకటే. ఇలాంటి దృశ్యం ఉమ్మడి అనంతపురం జిల్లా రైతులకు కొత్త కాదు. కొందరు దీన్ని అదృష్టం ఖాతాలో వేస్తారు. పలుగు పుచ్చుకొని రెండు పొలాల్లోనూ మోకాటి లోతు గుంత తవ్వి చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. ఒకచోట జానెడు మన్ను కిందనే గరుసు తగులుతుంది. మరోచోట మూరెడు లోతు దాటినా ఎర్రటి బంకమన్నే వస్తుంది.

రెవెన్యూ రికార్డుల్లో ఈ రెండూ ‘మెట్ట’ భూములే. నలుగురి నోటా ‘ఎర్రనేల’లే. రంగును బట్టి పెట్టిన ఈ పేరు అబద్ధం కాదు గానీ, పైరు బతుకును నిర్ణయించే సంగతులు అందులో సగం కూడా లేవు. నేలను పూర్తిగా గుర్తించాలంటే సర్వే గుంత చెప్పే లోతు, వాతావరణ లెక్కలు చెప్పే తడి, భూమి వాలు చెప్పే స్థానం.. ఈ మూడింటినీ కలిపి చదవాలన్నది మృత్తికా శాస్త్రం చెప్పే మాట.

మూడొంతులు ఎరుపే

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడక ముందున్న ఉమ్మడి జిల్లాలో సుమారు 76 శాతం ఎర్రనేలలు కాగా, 24 శాతం నల్లరేగడి. కణేకల్లు, బొమ్మనహాళ్, విడపనకల్లు, ఉరవకొండ, వజ్రకరూరు, గుంతకల్లు, గుత్తి, పామిడి, పెద్దవడుగూరు, యాడికి, తాడిపత్రి, పెద్దపప్పూరు, పుట్లూరు, యల్లనూరు మండలాల్లో ఎరుపు, నలుపు దాదాపు సమపాళ్లలో కనిపిస్తాయి. ఈ 14 మండలాలూ విభజన తరువాత అనంతపురం జిల్లాలోనే మిగిలాయి. కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మడకశిర వైపు ఎర్రనేలలదే రాజ్యం.

ఈ పంపకం వెనుక రాతి కథ ఉంది. జిల్లాలో అధిక భాగం కింద ఉన్నది అతి పురాతనమైన గ్రానైటు, నైస్ శిల. అది శిథిలమై మొరంగా, మొరం మన్నుగా మారే క్రమంలో రాతిలోని ఇనుము గాలి, తడి తగిలి ఆక్సైడుగా మారుతుంది. ఆ తుప్పు రంగే నేలకు ఎరుపునిచ్చింది. రాతిలోని పలుగురాయి కరగదు. అదే ఇసుకగా, గులకగా మిగిలిపోతుంది. తాడిపత్రి, యాడికి వైపు కడప శిలాశ్రేణికి చెందిన సున్నపురాయి, పలకరాయి పరుచుకొని ఉండడం అక్కడ నల్లనేలలకు ఒక కారణం. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి ఒడ్డున గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక దిబ్బల తీరు పూర్తిగా వేరు. వాటిని ఎర్రనేలల లెక్కలో కలపరాదు.

వాన లేకనా? నిలవకనా?

‘దేశంలో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వర్షపాతం గల జిల్లా మనదే’ అన్న మాట సభల్లో, వినతిపత్రాల్లో తరచూ వినిపిస్తుంది. ఇది లెక్కకు నిలిచే మాట కాదు. రాజస్థాన్‌లోని బాడ్మేర్, బికనీర్ జిల్లాల వార్షిక వర్షపాతం 300 మిల్లీమీటర్లకు లోపు. ఉమ్మడి అనంతపురం సాధారణ వర్షపాతం 552 మిల్లీమీటర్లు. అందులో నైరుతి రుతుపవనాల వాటా 338 మి.మీ., అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసేది 156 మి.మీ. పడమటి కనుమల చాటున ఉండడంతో నైరుతి మేఘం ఇక్కడికి చేరేసరికి తేలికపడుతుంది. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనం సైతం పూర్తిగా అందదు. ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. వేరుశనగ విత్తే జూన్, జూలై నెలల్లో కురిసేది తక్కువ.

అసలు ఇబ్బంది రెండోవైపు ఉంది. ఈ ప్రాంతపు ఎండ, గాలి కలిసి ఏడాదిలో ఆవిరి చేయగల నీరు 1,800 మి.మీ. పైమాటే. వచ్చేది ఒక వంతైతే పోగలిగేది మూడు వంతులు. దేశాన్ని 20 వ్యవసాయ పర్యావరణ మండలాలుగా విభజించినప్పుడు అనంతపురాన్ని బళ్లారి, రాయచూరు ప్రాంతాలతో కలిపి మూడో మండలంలో, అంటే దక్కను పీఠభూమిలోని శుష్క మండలంలో చేర్చారు. తడి సాయంతో పైరు పెరగగలిగిన కాలం ఈ మండలంలో 90 రోజుల లోపేనని తేల్చారు. దశాబ్దాల పాటు ఇక్కడి రైతు నమ్ముకున్న టీఎంవీ-2 వేరుశనగ కోతకు రావడానికి 100 నుంచి 110 రోజులు పడుతుంది. ఈ లోటును పూడ్చవలసింది నేలలో దాగిన తడే. ఆ తడి ఎంత అన్నది పొలానికీ పొలానికీ మారిపోతోంది. కరువు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆకాశం వైపే చూడడం మనకు అలవాటైంది గానీ, సగం జవాబు నేలలోనే ఉంది.

గుంత చెప్పే సాక్ష్యం

నేలను తరగతులుగా విభజించడం ఈ గడ్డకు కొత్త కాదు. 1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేయగా, 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలను కొలిపించి శిస్తు కట్టించారు. అనంతర కాలపు సెటిల్‌మెంటు రిజిస్టర్లలో రేగడి, ఎర్ర అన్న విభజనతో పాటు ‘తరం’ కూడా నమోదైంది. అయితే ఆ లెక్క ఉద్దేశం శిస్తు. పైరు ఎన్ని రోజులు బెట్టకు ఆగుతుందన్నది దానికి అవసరం లేకపోయింది.

శాస్త్రీయ సర్వే పద్ధతి వేరు. దేశంలో ఈ పనికి 1976లో నాగ్‌పూర్ కేంద్రంగా జాతీయ మృత్తికా సర్వే, భూవినియోగ ప్రణాళికా సంస్థ ఏర్పాటైంది. సర్వే సిబ్బంది ముందుగా స్థలాకృతి పటాలు, ఉపగ్రహ చిత్రాలు దగ్గర పెట్టుకొని గుట్ట, వాలు, పల్లం, వాగు అనే విభాగాలు గీసుకుంటారు. ఒక్కో విభాగంలో ఒకటిన్నర మీటరు నుంచి రెండు మీటర్ల లోతు గుంత తవ్విస్తారు. ఆలోపు రాయి తగిలితే అక్కడితో ఆపుతారు. గుంత గోడను కత్తితో చెక్కి ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో టేపుతో కొలుస్తారు.

ఎర్రనేల గోడ చూడముచ్చటగా ఉంటుంది. పైన జానెడు లోపు ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎరుపు గోధుమ రంగు దుక్కి పొర. దాని కింద ముదురు ఎరుపు పొర. ఇందులో బంక పాలు పై పొరకంటే స్పష్టంగా ఎక్కువ. వానలతో పాటు కిందికి దిగిన సన్నని బంకరేణువులు మట్టిపెళ్లల అంచులకు పూతలా అంటుకొని కొద్దిగా నిగనిగలాడతాయి. ఆ కింద శిథిలమవుతున్న రాయి. చేత్తో నలిపితే పొడి అయ్యే మొరం మొదట, సుత్తికి లొంగని శిల తరువాత.

రంగును కంటి అంచనాకు వదలరు. మన్సెల్ పుస్తకంలోని రంగుబిళ్లల పక్కన తడిపిన మట్టిని ఉంచి సరిపోల్చి సంకేతం రాస్తారు. తడి మన్నును వేళ్ల మధ్య రిబ్బనులా సాగదీసి బంక పాలు అంచనా వేస్తారు. పలుచని ఆమ్లం చుక్క వేస్తే నురగ వచ్చిందా, సున్నం ఉన్నట్లే. ప్రతి పొర నుంచీ తీసిన మట్టి ప్రయోగశాలకు వెళుతుంది. ఇసుక, ఒండ్రు, బంక శాతాలు, ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, పట్టి ఉంచే నీటి పరిమాణం అక్కడ తేలుతాయి. జిల్లా ఎర్రనేలల్లో సాధారణంగా ఉదజని సూచిక తటస్థానికి అటూఇటుగా ఉంటుంది. సేంద్రియ కర్బనం అర శాతానికి లోపే.

ఇవన్నీ కలిపి శాస్త్రజ్ఞులు పెట్టే పేరు వింటే రైతుకు మంత్రంలా తోస్తుంది. లోతు తక్కువగా ఉన్న ఎర్రనేలకు ‘లిథిక్ రోడస్టాల్ఫ్’ అని పేరు. విడదీస్తే కష్టమేమీ లేదు. ‘ఆల్ఫ్’ అంటే కింది పొరలో బంక చేరి, సున్నం, మెగ్నీషియం, పొటాష్ వంటివి పూర్తిగా కొట్టుకుపోని ఆల్ఫిసాల్ వర్గం. ‘అస్ట్’ అన్నది కాలిపోవడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఏడాదిలో కనీసం 90 రోజులు ఎండి ఉండి, పంటకాలంలో మాత్రం తడి దొరికే నేలను ఇది సూచిస్తుంది. ‘రోడ్’ గ్రీకు భాషలో గులాబీకి గల పేరు, ఇక్కడ ముదురు ఎరుపునకు గుర్తు. ‘లిథిక్’ అంటే 50 సెంటీమీటర్ల లోపే గట్టి రాయి తగులుతుందని అర్థం. రంగు, వాతావరణం, పొరల తీరు, లోతు నాలుగూ ఒక్క పేరులో ఇమిడిపోయాయి. మన ‘ఎర్రనేల’లో వీటిలో ఒక్కటే ఉంది.

గుట్ట నుంచి చెరువు దాకా

నేల తీరు ఊరికో రకంగా మారదు, వాలును బట్టి మారుతుంది. ఉమ్మడి జిల్లా మొత్తంగా దక్షిణం నుంచి ఉత్తరానికి వాలి ఉంది. హిందూపురం, మడకశిర ప్రాంతం సముద్రమట్టానికి 600 మీటర్లు దాటగా, తాడిపత్రి వైపు 300 మీటర్ల దిగువకు జారుతుంది. ఇదే వాలు చిన్న రూపంలో ప్రతి ఊరిలోనూ ఉంటుంది.

గుట్ట కింది ఏటవాలులో మన్ను 25 సెంటీమీటర్లు మించదు, అందులోనూ గులకే ఎక్కువ. వానకు కొట్టుకొచ్చిన సన్న మన్ను అక్కడ ఆగదు. నడిమి వాలులో అర మీటరు, ముప్పావు మీటరు లోతు ఎర్రమన్ను దొరుకుతుంది. ఇదే అసలైన వేరుశనగ భూమి. ఇంకా కిందికి, చెరువు ఆయకట్టు, వాగు ఒడ్డు చేరేసరికి పైనుంచి దిగిన బంక పోగుపడి నేల నల్లబడుతుంది. సున్నపు గడ్డలు కనిపిస్తాయి. నీరు ఇంకే దారి లేనిచోట చౌడు తేలుతుంది. గుట్టపై నిలబడి చూస్తే కిలోమీటరు దూరంలో ఇవన్నీ వరుసగా కనిపిస్తాయి. పైనున్న రైతు పోగొట్టుకున్నదే కిందనున్న రైతుకు చేరిందన్నమాట.

వాలును కొలవడానికి నేడు గొలుసు పట్టుకొని తిరగవలసిన అవసరం తగ్గింది. 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక రాడారుతో సేకరించిన ఎత్తుల సమాచారం, 2005 మేలో ప్రయోగించిన మన కార్టోశాట్-1 చిత్రాలు ప్రతి వాలునూ లెక్కగట్టగలుగుతున్నాయి. ఒక శాతం లోపు వాలును దాదాపు చదునుగా, 1 నుంచి 3 శాతం వరకు స్వల్ప వాలుగా సర్వే పరిగణిస్తుంది. చూపుకు చదునుగా కనిపించే 2 శాతం వాలు కూడా వంద మీటర్ల పొడవున రెండు మీటర్ల దిగుడు. దుక్కి ఆ వాలు వెంట సాగితే ప్రతి చాలూ ఒక కాలువే.

పైరు ఎన్ని రోజులు ఆగుతుంది?

ఇక అసలు లెక్క. ఎర్ర గరప నేల ప్రతి 10 సెం.మీ. మందంలో పైరుకు అందగల నీరు సుమారు 10 మి.మీ. అనుకుందాం. గుట్ట కింది పొలంలో 30 సెం.మీ. లోతు ఉంటే 30 మి.మీ. నిలవాలి. అందులో మూడో వంతు గులక ఉంటే రాయి నీరు పట్టదు గనుక మిగిలేది 20 మి.మీ. పూత, ఊడ దశలో పైరు రోజుకు 4 మి.మీ. తాగుతుందని చూస్తే ఐదు రోజులకు కుండ ఖాళీ. నడిమి వాలులో గులక లేని 75 సెం.మీ. నేలలో 75 మి.మీ. నిలుస్తుంది. అది 18 రోజులు. మీటరు లోతు నల్లరేగడిలో 180 మి.మీ. నిలిచినా 45 రోజులు. చివరి చుక్క వరకు వేరు లాగలేదు గనుక ఇవి కచ్చితమైన రోజులు కావు, పోలికకు మాత్రమే. అయినా పోలికలోని అంతరం చిన్నది కాదు.

ఈ లెక్కను తిరగేసి కూడా చూడాలి. ఒక్క రాత్రి 50 మి.మీ. వాన పడిందని వాతావరణ కేంద్రం నమోదు చేస్తే, ఎండిన స్థితిలో ఉన్న మొదటి పొలానికి అందులో 20 మి.మీ. మాత్రమే ఉపయోగం. మిగతాది వాగు పాలు, లేదా రాతి పగుళ్ల పాలు. మండల సగటు వర్షపాతం ‘సాధారణం’ అని కాగితంపై ఉన్న ఏడాది కూడా ఆ రైతు పైరు ఎండిపోవచ్చు. అధికారుల లెక్క, రైతు గోడు రెండూ నిజమయ్యే సందర్భం ఇదే.

తాడిపత్రి వైపు నల్లరేగడి రైతు వర్షాకాలమంతా నేలను తడవనిచ్చి, అక్టోబరులో శనగ విత్తి, ఆపైన చెప్పుకోదగ్గ వాన లేకున్నా పంట తీయగలుగుతున్నది ఈ నిల్వ బలంతోనే. ఎర్రనేల రైతుకు ఆ వెసులుబాటు లేదు. పదునైతే విత్తాలి, విత్తాక వారం వారం ఆకాశం కరుణించాలి. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు వద్ద 1972లో నెలకొన్న ఇక్రిశాట్ క్షేత్రంలో పటాన్‌చెరు శ్రేణి ఎర్రనేల, కాసిరెడ్డిపల్లి శ్రేణి నల్లనేల పక్కపక్కనే ఉన్నాయి. ఒకే వాన కింద రెండు నేలల నడతను పోల్చి చూడడానికి అది అనువైన చోటు.

లోతుకు తోడు ఎర్రనేలకు మరో దుర్గుణం ఉంది. పెద్ద చినుకులు పడిన తరువాత ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. మొలక పైకి రాలేదు, తరువాతి వాన లోపలికి ఇంకదు. పూత తరువాత బెట్ట తగిలితే నేల బిగుసుకొని ఊడలు దిగవు. దిగినవి కాయ కట్టినా, కోత వేళకు నేల గట్టిపడితే పీకిన చెట్టు చేతికొస్తుంది గానీ కాయలు భూమిలోనే తెగి మిగులుతాయి. ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలన్న సిఫారసు కాయకు కావలసిన కాల్షియం, గంధకం అందించడానికి ఉద్దేశించినదే అయినా, ఊడ దిగే వేళ నేలలో తడి లేకుంటే ఆ ఖర్చూ వృథా.

సెంటీమీటరు విలువ

ఎకరా పొలం మీద ఒక్క సెంటీమీటరు మన్ను అంటే 40 ఘనమీటర్లు, తూకంలో సుమారు 60 టన్నులు. ట్రాక్టరు ట్రాలీకి మూడు టన్నుల చొప్పున 20 ట్రాలీలు. అర మీటరు లోతున్న నేలలో ఒక సెంటీమీటరు కోసుకుపోతే కంటికి ఆనదు. దుక్కి దున్నితే పొలం మునుపటిలాగే కనిపిస్తుంది. కానీ పైపొర పోయిన కొద్దీ నాగలి కింది గరుసును తాకుతుంది, రాళ్లు తేలుతాయి. ‘ఏటా రాళ్లు ఏరుతున్నా మళ్లీ పుడుతున్నాయి’ అని పల్లెల్లో అనుకోవడం వింటుంటాం. రాళ్లు పుట్టడం లేదు, మన్ను తరుగుతోంది.

వేసవిలో చెరువు పూడిక మట్టి తోలే పాత అలవాటుకు ఇక్కడే అర్థం దొరుకుతుంది. ఎరువు బలం ఒక్కటే కాదు, వాలు వెంట పోయిన బంకను తిరిగి పొలానికి చేర్చడం అది. అయితే తోలే ముందు ఆ మట్టిని పరీక్ష చేయించాలి. చౌడు పాలు ఉంటే మేలుకు బదులు కీడు జరుగుతుంది. గట్లు, వాలుకు అడ్డంగా దుక్కి వంటివి అందరికీ తెలిసినవే గనుక ఇక్కడ ఏకరువు పెట్టడం లేదు.

కార్డులో లేని గడి

2015 ఫిబ్రవరి 19న కేంద్రం ప్రారంభించిన భూసార పరీక్ష కార్డుల పథకంలో 12 అంశాలు పరీక్షిస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం. ఎరువుల మోతాదు నిర్ణయించుకోవడానికి ఇవి అవసరమే. నమూనా మాత్రం పై 15 సెంటీమీటర్ల నుంచే తీస్తారు. దాని కింద ఏముందో, రాయి ఎంత లోతులో ఉందో, గులక ఎంతో చెప్పే గడి కార్డులో లేదు. వర్షాధార ఎర్రనేలకు ముందుగా తెలియవలసింది అదే.

నేలల పటాలు లేవా అంటే ఉన్నాయి. రాష్ట్ర స్థాయి పటాల స్కేలు 2,50,000కు ఒకటి. ఆ పటంలో ఒక చదరపు సెంటీమీటరు భూమిపై 625 హెక్టార్లు, అంటే 1,500 ఎకరాలకు పైబడి. ఐదెకరాల రైతు పొలం అందులో సూదిమొనంత. గ్రామ పటం స్థాయిలో, సర్వే నంబరు వారీగా లోతు, గులక, వాలు నమోదైతే తప్ప ఏ పొలంలో వేరుశనగ, ఏ పొలంలో ఆముదం లేదా కంది, ఏది పశుగ్రాసానికో చెట్లకో వదలాలన్న సలహాకు ఆధారం ఉండదు. పంట మార్పిడి గురించి మండలమంతటికీ ఒకే సలహా ఇవ్వడంలోని లోపం ఇక్కడే ఉంది.

అంతవరకు రైతు తన పొలం లోతును తానే తెలుసుకోవచ్చు. పంట తీశాక, వేసవి దుక్కికి ముందు, వాలు వెంట పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి చొప్పున మూడు గుంతలు తవ్వాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, పేడదిబ్బ వేసిన చోట తవ్వరాదు. మీటరు లోతు చాలు, ఆలోపు గట్టి గరుసు తగిలితే అక్కడే ఆపాలి. నేల పైనుంచి గరుసు దాకా టేపుతో కొలవాలి. బుట్టెడు మన్ను జల్లెడ పట్టి రాళ్లు ఎంత భాగమో చూడాలి. గరుసు వరకు ఉన్న లోతులోంచి రాళ్ల వంతు తీసివేయగా మిగిలిన ప్రతి 10 సెంటీమీటర్లకు 10 మి.మీ. చొప్పున నీరు లెక్కగట్టి, నాలుగుతో భాగిస్తే పైరు ఆగగల రోజులు తెలుస్తాయి. గుంతలు పూడ్చేటప్పుడు కింది గరుసు కిందికే, పైమన్ను పైకే వచ్చేలా చూడాలి.